సాక్ష్యం చెప్పాడు, చీటీ డబ్బుల మాట ఎత్తలేదు. ఇది మారుమనస్సేనా?

సుజాత_హొరమావు
మా సంఘంలో ఒకాయన చీటీలు నడిపేవాడు. రిజిస్ట్రేషన్ ఏమీ లేదు, అంతా నమ్మకం మీదే. మా అమ్మ బ్లౌజులు కుట్టి నెలనెలా పదివేలు కట్టింది. చెల్లి నర్సింగ్ ఫీజు కోసమని చీటీ పాడకుండా చివరిదాకా ఆగింది. రెండు లక్షల దాకా కట్టాక ఆయన ఫోన్ ఆపేసి బెంగళూరు వదిలి వెళ్ళిపోయాడు. అమ్మలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

పోయిన ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆరాధనలో మైకు ఇచ్చారు. ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. "నేను తప్పిపోయిన కుమారుణ్ణి, తండ్రి నన్ను చేర్చుకున్నాడు" అన్నాడు. చప్పట్లు, హల్లెలూయలు. డబ్బు మాట ఒక్కటి లేదు. ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచరణకు) ముందు ఒక సంఘపెద్ద అమ్మ పక్కకు వచ్చి, "క్షమించేయమ్మా, నువ్వు క్షమించకపోతే దేవుడు నిన్నూ క్షమించడు" అన్నాడు. అమ్మ ఆ బల్లలో పాలుపొందకుండా ఇంటికి వచ్చేసింది. "నా మనసులో కోపం ఉంది, నాకు అర్హత లేదు" అంటోంది.

ఆయనది నిజమైన మారుమనస్సేనా? అమ్మ చేసింది తప్పా? నాకు నిద్ర పట్టడం లేదు, ఎవరైనా వాక్యం చూపించి చెప్పండి.

జోసెఫ్_గుంటూరోడు
డబ్బు తిరిగిచ్చాడా? లేదు. అయితే అది ఏడుపు మాత్రమే.

కృప_చాలు
అంత తొందరగా తీర్పు తీర్చకండి బ్రదర్. హృదయాన్ని చూసేవాడు దేవుడొక్కడే. యేసు పక్కన సిలువ మీద దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు? "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. రక్షణ క్రియల వల్ల వచ్చేది కాదు, ఎఫెసీ 2:8, 9 చూడండి. డబ్బు కట్టాకే క్షమాపణ అంటే సువార్త ఎక్కడుంది?

జోసెఫ్_గుంటూరోడు
సిలువ మీద దొంగ చేతులు కదలవు. ఈయన చేతిలో ఫోన్‌పే ఉంది.

నిర్వాహకుడు
సంఘం పేరు, ఆయన పేరు ఎవరూ రాయవద్దు. అడగవద్దు కూడా. చర్చ కొనసాగించండి.

దానియేలు_మాస్టారు
కృప గారి భయం నాకు అర్థమైంది. మన ఊళ్ళల్లో చాలామంది రక్షణను కానుకలతో కొనుక్కోవచ్చని అనుకుంటారు, దాన్ని ఆపాలనే ఆమె అలా అన్నారు. కానీ పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి లూకా 19లో వరుసగా చదవండి. యేసు ముందు అతన్ని పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంటికే వస్తానన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క పైసా ఇవ్వలేదు. జనం సణుక్కుంటున్నారు. ఆ తర్వాత అతనే లేచి నిలబడి, సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి "నాలుగంతలు మరల చెల్లింతును" అన్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అనే మాట దాని తర్వాతే వచ్చింది. కృప ముందు వచ్చింది, ఆ కృపే పెట్టె తెరిపించింది.

ఇంకో సంగతి. ధర్మశాస్త్రం అతన్ని నాలుగంతలు అడగలేదు. తానే ఒప్పుకున్నవాడు అసలు ఇచ్చి, దానిమీద ఐదో వంతు కలిపితే చాలని సంఖ్యాకాండము 5:7లో ఉంది. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి అమ్మేసినవాడికో, కోసేసినవాడికో వేసే జరిమానా, నిర్గమ 22:1. జక్కయ్య తేలికైనది వదిలి బరువైనది తనే ఎంచుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ కేసు పెట్టలేదు. మారుమనస్సు పొందినవాడికి తక్కువలో బయటపడాలనే లెక్క ఉండదు.

సుజాత గారూ, ఆయన తనను తప్పిపోయిన కుమారుడితో పోల్చుకున్నాడన్నారు. యేసు చెప్పిన ఆ కథలో చిన్న కొడుకు పాడుచేసింది తండ్రి తనకు పంచి ఇచ్చిన వాటా. పొరుగువాళ్ళ చీటీ డబ్బు కాదు. అయినా తిరిగి వచ్చేటప్పుడు మైకు అడగలేదు, కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకోమని అడగాలనుకున్నాడు.

జోసెఫ్_గుంటూరోడు
మాస్టారూ, ఆ చివరి వాక్యం మా సంఘం గోడ మీద రాయించాలి.

ఫిలిప్_బీటీఎం
దావీదు "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్నాడు కదా, కీర్తన 51లో. అంటే పాపం దేవునికీ నాకూ మధ్య విషయమేగా? మనుషుల మధ్య లెక్కలు వేరే.

రూతు_పెద్దమ్మ
లేదు నాయనా. దావీదు ఆ మాట అనేటప్పటికి, తాను చంపించిన బత్షెబ భర్త ఊరియా చచ్చిపోయి ఉన్నాడు. ఎవరి దగ్గరికి వెళ్ళి తిరిగిస్తాడు? పైగా ఆ కీర్తన పైన చూడు, బత్షెబ పేరుతో సహా రాసి ఉంటుంది, ప్రధానగాయకుడికి ఇచ్చిన పాట అది. తన పాపం జనం నోట పాటగా నిలిచిపోయినా ఒప్పుకున్నాడు. ధనవంతుడు బీదవాడి గొర్రెపిల్లను లాక్కున్న కథ నాతాను ప్రవక్త చెప్పినప్పుడు "నాలుగంతలు ఇవ్వాలి" అని ముందు తీర్పు చెప్పింది కూడా దావీదే.

సౌలు రాజు కూడా "పాపము చేసితిని" అన్నాడు, 1 సమూయేలు 15లో. వెంటనే ఏమడిగాడు? పెద్దల ముందు, ఇశ్రాయేలు ముందు నన్ను గౌరవించమని అడిగాడు. ఇద్దరూ చెప్పిన మాట ఒకటే. ఒకడికి పరువు కావాలి, ఇంకొకడికి శుద్ధమైన హృదయం కావాలి. మీ చీటీ ఆయన ఏ కోవకు చెందుతాడో నేను చెప్పలేను. కాలం చెబుతుంది.

సుజాత, ఇది మీ అమ్మకు చదివి వినిపించు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సమాధానపడమని మత్తయి 5:23, 24లో ప్రభువు ఎవరికి చెప్పాడు? "నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొచ్చినవాడికి. అంటే అన్యాయం చేసినవాడికి. ఆ రోజు బల్ల దగ్గర నుంచి లేచి మీ అమ్మ కుర్చీ దగ్గరికి రావలసినవాడు ఆయన. లేచింది మాత్రం మీ అమ్మ. కొరింథీ పత్రిక కూడా తన్ను తాను పరీక్షించుకుని తినమంటుంది, పరీక్షించుకుని ఇంటికి పొమ్మనదు. వచ్చే బల్లకు ఆమెను వెళ్ళనివ్వు. కోపం ఉంటే ఆ కోపం గురించే ప్రభువుతో మాట్లాడుకోమను. కీర్తనల్లో ఎంత కోపం లేదు!

సుజాత_హొరమావు
పెద్దమ్మా, అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ వచనం మళ్ళీ చదువు" అంది.

కృప_చాలు
రూతు గారూ, మత్తయి 5 మీరు చెప్పిన వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. మంచి మాట. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆయన దగ్గర నిజంగా డబ్బు లేకపోతే? లేనివాడికి మారుమనస్సు లేదా?

మా_అన్న_కథ
దీనికి నేను చెప్పాలి. మా అన్న కూడా ఇలాగే చీటీ నడిపాడు, వేరే ఊళ్ళో. పారిపోయేవాళ్ళంతా డబ్బు మూటగట్టుకుని పోతారని జనం అనుకుంటారు. మా అన్న విషయంలో జరిగింది వేరు. మొదట్లో చీటీ పాడుకున్న ఇద్దరు తర్వాత కట్టడం మానేశారు. వాళ్ళ వాటా అన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. ఇంకో చీటీ మొదలుపెట్టి ఆ డబ్బుతో దీన్ని పూడ్చాడు. చివరికి రెండూ కూలిపోయాయి. పారిపోయినప్పుడు చేతిలో బస్సు చార్జీలు తప్ప ఏమీ లేవు.

తిరిగి వచ్చాక మా వదిన ఒక్కటే షరతు పెట్టింది. గుడికి వెళ్ళేముందు ఇళ్ళకు వెళ్ళాలి. అన్న ఒక నోట్‌బుక్‌లో పేర్లు, బాకీలు రాసుకుని ఇంటింటికీ వెళ్ళాడు. ఒకాయన చెప్పు తీశాడు. ఒకావిడ మంచినీళ్ళు ఇచ్చింది. ఇప్పుడు డెలివరీ పని చేస్తూ నెలకు మూడువేలు కడుతున్నాడు, వంతులవారీగా. అన్నీ తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. మైకు మాత్రం ఇంతవరకూ పట్టుకోలేదు. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని అడిగితే "బాకీ తీరాక చెబుతానయ్యగారూ" అన్నాడట.

కాబట్టి కృప గారూ, లేనివాడికీ మారుమనస్సు ఉంటుంది. లేనివాడు కూడా నోట్‌బుక్ తెరవగలడు.

కృప_చాలు
ఇది చదివి నాకు కన్నీళ్ళు వచ్చాయి. దేవుడు మీ అన్నను, వదినను దీవించుగాక. నేను అడిగినదానికి జవాబు దొరికింది.

ఆంటోని_శివాజీనగర్
మా కతోలికుల్లో పద్ధతి చెబుతాను. పాపసంకీర్తనలో, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకునేటప్పుడు, దొంగతనం ఒప్పుకుంటే ఆయన పాపవిమోచనం పలుకుతారు. కానీ దొంగిలించింది తిరిగివ్వాల్సిన బాధ్యత దానితో పోదు. మా సత్యోపదేశం (సంఘం బోధల పుస్తకం) స్పష్టంగా చెబుతుంది, దొంగిలించింది తిరిగివ్వడం, చెడగొట్టిన పేరు నిలబెట్టడం మామూలు న్యాయం కూడా కోరేదే అని. క్షమాపణ పాపాన్ని తీసేస్తుంది, పాపం వల్ల జరిగిన నష్టాన్ని పూడ్చే పని మాత్రం మిగులుతుంది.

ఫిలిప్_బీటీఎం
ఆంటోని గారూ, ఫాదర్‌తో చెప్పుకుంటే చాలు అనుకునేవాళ్ళు మీలోనూ ఉంటారుగా?

ఆంటోని_శివాజీనగర్
ఉంటారు. స్టేజీ మీద ఏడిస్తే చాలు అనుకునేవాళ్ళు మీలో ఉన్నట్టే. పెట్టె లోపల చెప్పినా, మైకులో చెప్పినా, నష్టపోయిన మనిషి ముఖం చూడకుండా తప్పించుకునే దారి అందరికీ ఇష్టమే.

లాయర్_అక్క_మారతహళ్ళి
కాస్త నేల మీదికి వద్దాం. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడమే నేరం. అది అలా ఉంచండి. సుజాతా, మీకు ముఖ్యమైనది గడువు. మామూలుగా బాకీ వసూలుకు దావా వేయడానికి మూడేళ్ళే సమయం. ఆ లోపు ఆయన "ఇంత బాకీ ఉన్నాను" అని రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి లెక్క మళ్ళీ మొదలవుతుంది. గడువు దాటిపోయినా, ఇస్తానని రాతపూర్వకంగా సంతకం చేస్తే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25 ప్రకారం అది చెల్లుతుంది. నోటిమాట చాలదు. మీ కాగితాలు చూడకుండా ఇంతకంటే చెప్పను, దగ్గర్లో ఎవరికైనా చూపించండి.

నిజంగా మారినవాడికి ఈ సంతకం పెట్టడం కష్టం కాదు. అడిగి చూడండి.

ఫిలిప్_బీటీఎం
అక్కా, విశ్వాసుల మధ్య కోర్టా? 1 కొరింథీ 6 ఏమంటోంది? అన్యాయాన్ని ఎందుకు సహించకూడదు అని పౌలు అడగలేదా?

లాయర్_అక్క_మారతహళ్ళి
అడిగాడు. దానికి ముందు ఇంకోటి అడిగాడు, సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. అంటే కోర్టుకు వెళ్ళకూడదనే సంఘం తానే కూర్చుని తగవు తీర్చాలి. దాని తర్వాత వచనం కూడా చదువు తమ్ముడూ. మీరే అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు, అదీ మీ సహోదరులకే అంటాడు. ఆ మాట చీటీ ఎగ్గొట్టినవాడికి తగులుతుంది. సహించమని విధవకు చెప్పే సంఘం ఎగ్గొట్టినవాడికి ఏం చెప్పిందో ముందు చూపించాలి.

సుజాత_హొరమావు
అమ్మ విధవ అని నేను రాయలేదక్కా, కానీ నిజమే. నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

లాయర్_అక్క_మారతహళ్ళి
అయ్యో, నేను మామూలుగా అన్నాను తల్లీ. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీర్వాదం_ఒంగోలు
మాది ఒంగోలు వైపు, ఇప్పుడు కేఆర్ పురంలో ఉంటాం. మా తాత చెప్పిన సంగతి. ఆయన పొలం పక్క రైతు ఏటా దుక్కి దున్నేటప్పుడు గట్టు కొంచెం కొంచెం జరుపుతూ వచ్చాడు. ఒక ఏడాది సువార్త కూటాలు జరిగాయి. అవి అయిపోయిన మర్నాడు ఆ రైతు నలుగురు పెద్దల్ని వెంటబెట్టుకుని పొలానికి వచ్చి, కొలత పెట్టించి, పాత గట్టు వేయించాడు. అన్నేళ్ళు పండించుకున్నదానికి లెక్కగట్టి జొన్నలు కూడా తోలాడు. ఊళ్ళో ఆయన మారాడని ఎవరూ ప్రకటించలేదు, గట్టు చూస్తే తెలిసేది.

మా ప్రాంతంలో ఇంకో పాఠం ఉంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరవు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. జనం బాప్తిస్మం అడిగారు. కూలి కోసం వస్తున్నారేమో అనే మాట రాకూడదని, కరవు పనులు ఉన్నంతకాలం ఆయన ఇవ్వలేదు. పనులు అయ్యాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళను అనుమానించి తోసేయలేదు, ఆగి చూశారంతే. తిరిగి వచ్చిన ఆదివారమే మైకు ఇవ్వాల్సిన అవసరం ఏముంది?

జోసెఫ్_గుంటూరోడు
మంచి ప్రశ్న. మా దగ్గర కొత్తగా వచ్చినవాడికి కుర్చీ కంటే ముందు మైకే దొరుకుతుంది.

వినయ్_కొత్తవిశ్వాసి
విషయం కొంచెం పక్కకు వెళ్తుంది, క్షమించండి. మా నాన్న తాగుతాడు. ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. బైబిలు వచనం ఉన్న వాగ్దాన కార్డు జేబులో పెట్టుకుని, ఇక ముట్టనని అమ్మకు మాటిస్తాడు. సంక్రాంతికి మళ్ళీ మామూలే. పైన అందరూ చెప్పింది చదువుతుంటే మా నాన్నది కూడా నకిలీయే అనిపిస్తోంది. కానీ ఆ రాత్రి ఆయన ముఖం నేను చూశాను. అది నటన కాదు.

దానియేలు_మాస్టారు
నటన కాదు బాబూ. రెండు కొరింథీ 7లో పౌలు రెండు రకాల దుఃఖాల గురించి చెబుతాడు. దైవచిత్తానుసారమైన దుఃఖం ఒకటి, లోకసంబంధమైన దుఃఖం ఒకటి. రెండింట్లోనూ కన్నీళ్ళు ఉంటాయి. యేసును పట్టించిన యూదా పశ్చాత్తాపపడ్డాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చాడు కూడా. జోసెఫ్ లెక్క ప్రకారం ఆయన పాసైపోవాలి.

జోసెఫ్_గుంటూరోడు
ఒప్పుకుంటున్నా మాస్టారూ. ఆ వైపు ఆలోచించలేదు.

దానియేలు_మాస్టారు
యూదా డబ్బు దేవాలయంలో పారేసి ఒంటరిగా వెళ్ళిపోయాడు. యేసును ఎరుగనని మూడుసార్లు అన్న పేతురు కూడా అదే రాత్రి వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు. సముద్రం ఒడ్డున ప్రభువు "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగితే, మూడోసారి నొచ్చుకున్నా మూడుసార్లూ జవాబు చెప్పాడు. నాకు కనిపించే తేడా అక్కడుంది. బాధపడ్డాక మనిషి ఎటు నడుస్తాడు? మీ నాన్నగారు జనవరి ఒకటిన ఎటు వెళ్తున్నారు, ఎవరితో ఉంటున్నారు?

రూతు_పెద్దమ్మ
పడిపోయినంత మాత్రాన అబద్ధం అనకు వినయ్. దినానికి ఏడుసార్లు వచ్చి మారుమనస్సు పొందానంటే ఏడుసార్లూ క్షమించమన్నాడు ప్రభువు, లూకా 17లో. సంఘ సంస్కర్త లూథరు 1517లో రాసిన 95 అంశాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని. ఒక్క రాత్రి పని కాదు.

నర్సు_ఎస్తేరు
వినయ్, ఆత్మీయ సంగతులు పెద్దలు చెప్పారు, నేను ఒంటి సంగతి చెబుతాను. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, నిద్ర లేకపోవడం వస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. తర్వాత మతి భ్రమించినట్టు మాట్లాడతారు కొందరు. ప్రాణానికే ప్రమాదం. డాక్టరు మందులతో పర్యవేక్షించాలి. మీ నాన్నగారు జనవరిలో మళ్ళీ మొదలుపెట్టేది విశ్వాసం లేక అనుకోవద్దు, ఆ బాధ తట్టుకోలేక కావచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది కదా, అక్కడ వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది.

తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ మీటింగులు కూడా బెంగళూరులో జరుగుతాయి. 1935లో మొదలైన ఉద్యమం అది. వాళ్ళ పన్నెండు మెట్లలో ఎనిమిదోది, తాను గాయపరిచినవాళ్ళ పేర్లు రాసుకోవడం. తొమ్మిదోది, వాళ్ళ దగ్గరికి వెళ్ళి సరిచేసుకోవడం, అలా వెళ్ళడం వల్ల వాళ్ళకు ఇంకా హాని జరిగితే తప్ప. పైన "అన్న కథ" చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

మా_అన్న_కథ
మా వదినకు ఆ మెట్ల గురించి ఏమీ తెలియదు. ఆమె పెట్టించిన నోట్‌బుక్ మాత్రం అదే.

కృప_చాలు
సుజాత గారూ, ఒక ఆలోచన. యజమాని దగ్గర నుంచి వెళ్ళిపోయిన దాసుడు ఒనేసిము గురించి ఆ యజమాని ఫిలేమోనుకు రాస్తూ పౌలు, నీకు బాకీ ఏమైనా ఉంటే "అది నా లెక్కలో చేర్చుము", నేనే తీరుస్తాను అన్నాడు. తిరిగి వచ్చినవాణ్ణి చేర్చుకోమని చెప్పిన మనిషి బాకీకి పూచీ కూడా తీసుకున్నాడు. మీ అమ్మను క్షమించమన్న సంఘపెద్దను ఈ పత్రిక చదవమనండి. చప్పట్లు కొట్టినవాళ్ళంతా తలా కొంత వేసుకుని, ఆయన నెలనెలా సంఘానికి కట్టుకునేలా చేస్తే మీ చెల్లి ఫీజు ఆగదు. కృప అంటే నాకు తెలిసింది ఇదే.

లాయర్_అక్క_మారతహళ్ళి
ఇది నేను చెప్పినదానికంటే మంచి దారి. కాగితం మాత్రం మర్చిపోకండి.

సుజాత_హొరమావు
మాట్లాడాను. పాస్టరమ్మగారు ముందు ఇబ్బంది పడ్డారు, తర్వాత బుధవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పెద్దలతో, ఆయనతో కూర్చుందాం రమ్మన్నారు. అమ్మ వస్తానంది. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో లిస్టు రాసి తెమ్మని ఆయనకు కబురు పంపారు. తెస్తాడో లేదో చూడాలి. అందరికీ కృతజ్ఞతలు.

వినయ్_కొత్తవిశ్వాసి
ఎస్తేరు అక్కా, నాన్నను ఎలా అడగాలి? హాస్పిటల్ అంటే "నేను పిచ్చోణ్ణా" అంటాడు.

నర్సు_ఎస్తేరు
తాగి ఉన్నప్పుడు అడగకు. పొద్దున పూట, అమ్మ లేనప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు అడుగు. "మానెయ్" అనకు. "మానేటప్పుడు ఒంటికి వచ్చే బాధకు మందులున్నాయట, నేను తోడొస్తా" అను. ఒప్పుకున్న రోజు ఆలస్యం చేయకుండా బయలుదేరండి, అంతవరకూ ఇంట్లో సొంతంగా మాన్పించే ప్రయత్నం చేయొద్దు. తెలుగు తెలిసిన సిబ్బంది దొరుకుతారు, భాష గురించి టెన్షన్ పడొద్దు.

ఆశీర్వాదం_ఒంగోలు
వినయ్, నేను కేఆర్ పురం నుంచి కారులో వస్తాను. నాన్నగారి వయసువాణ్ణే, నాతో అయితే మొహమాటపడకుండా మాట్లాడతారేమో. ఏ రోజో మెసేజ్ పెట్టు.

వినయ్_కొత్తవిశ్వాసి
పెడతాను అంకుల్. ముందు అమ్మతో మాట్లాడతాను.